‘నిరాకరణ’ అని రాసే ముందు

సంపాదకులకు నమస్కారములు.

టీకాల గురించి పత్రికల్లో గాని సమీక్షా సమావేశాల్లో గాని చర్చ వచ్చినప్పుడల్లా ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది. చదువు లేనివారు, పల్లెవాసులు, స్త్రీలు, గిరిజనులు, ఫలానా మతంవారు టీకాకు వెనకాడుతున్నారని, అందుకు అవగాహన లేమి కారణమని అంటారు. ముప్పై ఏళ్లకు పైగా ఏఎన్‌ఎం (ఊళ్లలో టీకాలు వేసే ఆరోగ్య కార్యకర్త)గాను, ఆ తర్వాత ఆరోగ్య పర్యవేక్షకురాలిగాను గోదావరి పక్క ఏజెన్సీ గూడేల్లో పనిచేసి విరమించిన నేను ఈ మాటను చాలాకాలం నమ్మాను, నెలవారీ నివేదికల్లో నా చేత్తోనే రాశాను. అది సగమే నిజమని ఇప్పుడు నాకు గట్టిగా తోస్తున్నది. వయసు, ఆడామగా తేడా, చదువు, కులం, మతం, ఊరు అనేవి టీకా తీసుకోవాలా వద్దా అన్న నిర్ణయం మీద ప్రభావం చూపుతాయనడంలో సందేహం లేదు. అయితే ఆ ప్రభావం ఏ దారిన వస్తున్నదో అడగకుండా, పట్టికలో కనిపించే వర్గం పేరునే కారణంగా చదివేసుకుంటున్నాం. ఆ పొరపాటు వల్ల జరిగే నష్టం గురించే ఈ ఉత్తరం.

మొదట నా అనుభవంలోని ఒక సంగతి చెబుతాను. 2021 నవంబరులో కోవిడ్ టీకా కోసం ఇంటింటికీ తిరిగే కార్యక్రమం మొదలైనప్పుడు, టీకా వేయించుకోని ప్రతి ఒక్కరి పేరు ఎదుటా కారణం రాసుకుంటూ వెళ్లేవాళ్లం. ఊళ్లో లేరు, ఒంట్లో బాగాలేదు, నిరాకరణ అని మూడు నాలుగు మాటల్లోనే ఆ కారణాలన్నీ ఇమిడిపోయేవి. ఒక గూడెంలో ఒకే కోయ స్త్రీ పేరు ఎదుట మూడు వారాలు వరసగా ‘నిరాకరణ’ అని ఉంది. ఆ మూడుసార్లూ మా వాళ్లు వెళ్లింది పొద్దున పదీ పదకొండు గంటల మధ్య. అది పత్తి తీసే కాలం, ఆమె అప్పటికే చేలో ఉంటుంది. గడపలో కూర్చున్న అత్తగారు ‘మా కోడలు వద్దంటున్నది’ అని చెప్పి పంపేది. నాలుగోసారి నేనూ, ఆశా కార్యకర్తా దీపాలు పెట్టే వేళకు వెళ్లాం. ఆమె మమ్మల్ని అడిగింది ఒకే ప్రశ్న: ‘నర్సమ్మా, ఇయ్యాల ఏసుకుంటే రేపు పత్తికి పోగలనా?’ కూలి కిలో లెక్కన ఇస్తారు. రెండు రోజులు జ్వరంతో పడుకుంటే రెండు రోజుల తిండి పోతుంది. జ్వరం రావచ్చని నిజమే చెప్పి, పారాసిటమాల్ బిళ్లలు ఇచ్చి, ఎవరూ పనికి పోని సంత రోజుకు ముందు సాయంత్రం వస్తామన్నాం. ఆ సాయంత్రం ఆమెతో పాటు మరో పదకొండు మంది చేతులు చాపారు. అంతకుముందు వారం వరకు మా జాబితా ప్రకారం ఆ పన్నెండు మందీ అవగాహన లేని గిరిజన స్త్రీలే.

ఇందులో ఆమె స్త్రీ కావడం, గిరిజనురాలు కావడం, చదువు లేకపోవడం మూడూ ఉన్నాయి. ఎవరైనా పరిశోధకుడు మా జాబితాను కంప్యూటర్‌లో ఎక్కిస్తే ఆ మూడింటికీ నిరాకరణతో సంబంధం ఉన్నట్టే తేలుతుంది. ఆమెను ఆపినవి మాత్రం దినకూలి, మేము వెళ్లిన వేళ, ఆమె తరఫున మరొకరు చెప్పిన జవాబు. వర్గం మారదు గాని ఈ మూడింటినీ మార్చవచ్చు. మార్చడం మా చేతిలోని పనే.

చదువు సంగతి చూద్దాం. 2021 జనవరి 16న దేశంలో కోవిడ్ టీకా కార్యక్రమం మొదలైనప్పుడు మొదటి వరుసలో నిలబెట్టింది వైద్య సిబ్బందినే. మన హైదరాబాదులో భారత్ బయోటెక్ తయారుచేసిన కోవాక్సిన్‌కు అప్పటికి మూడో దశ ప్రయోగాల ఫలితాలు రాలేదు. అనుమతి కూడా క్లినికల్ ట్రయల్ పద్ధతిలో, వేయించుకునేవారి చేత సమ్మతి పత్రం మీద సంతకం చేయించుకునే షరతుతో ఇచ్చారు. ఢిల్లీలో ఒక పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి రెసిడెంట్ వైద్యులు తమకు ఆ టీకా కాక కోవిషీల్డ్ ఇవ్వాలని ఆ రోజే లేఖ రాశారు. మార్చి 3న మూడో దశ తొలి ఫలితాలు వెలువడిన తర్వాత ఆ షరతు తొలగింది, సందేహాలూ చాలావరకు సద్దుమణిగాయి. ఆ వైద్యులు అడిగింది సరైన ప్రశ్నే, దానికి సమాచారంతో జవాబు దొరికింది. అదే ప్రశ్నను గూడెంలో ఒక తల్లి తన మాటల్లో అడిగితే దాన్ని మూఢనమ్మకమని రాసుకుంటాం. ప్రశ్న అడిగిన మనిషి చదువును బట్టి ఆ ప్రశ్నకు పేరు పెట్టే అలవాటు మా శాఖలో ఉంది. నాలోనూ ఉండేది.

చదువు పెరిగిన కొద్దీ టీకా మీద సుముఖత పెరుగుతుందన్న సూత్రం కూడా అన్ని వేళలా నిలవదు. 2017 ఫిబ్రవరిలో తమిళనాడు, కర్ణాటక తదితర ప్రాంతాల్లో తట్టు–రుబెల్లా టీకా కార్యక్రమం పెట్టినప్పుడు వాట్సాప్‌లో వచ్చిన వదంతులు చూసి పిల్లల్ని ఆ రోజు బడికి పంపకుండా ఆపినవారిలో ప్రైవేటు బడుల తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు. ఆ ఆగస్టులో అదే కార్యక్రమం తెలుగు రాష్ట్రాలకు వచ్చింది. మా ప్రాంతంలో ప్రభుత్వ బడి పిల్లలకు ఒక్క పూటలో పని ముగిసింది గాని, పట్టణంలో ఇంగ్లీషు మీడియం బడి తల్లిదండ్రులను ఒప్పించడానికి మాకు వారం పట్టింది. పల్లె, పట్నం తేడా కూడా ఇటువంటిదే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019–21) ప్రకారం ఏడాది నిండి రెండేళ్లు నిండని పిల్లల్లో అన్ని టీకాలూ పడినవారు పల్లెల్లో 76.8 శాతం, పట్టణాల్లో 75.5 శాతం. నాలుగో విడతలో దేశం మొత్తం మీద 62 శాతంగా ఉన్నది ఐదో విడతకు 76.4కు చేరింది. పల్లెలో ఏఎన్‌ఎం, ఆశా, అంగన్‌వాడీ టీచరు ముగ్గురూ చంటిబిడ్డ ఉన్న ఇంటి గడప దాకా వస్తారు, బుధవారం, శనివారం టీకాల రోజులని తల్లులకు తెలుసు. నగరంలో అద్దె గదులు మారుతూ తిరిగే కూలి కుటుంబానికి ఆ మాత్రం ఆసరా ఉండదు.

స్త్రీల విషయం కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే నా ఉద్యోగ జీవితమంతా వారి మధ్యనే గడిచింది. 2021 వేసవిలో దేశవ్యాప్తంగా టీకా తీసుకున్న స్త్రీల సంఖ్య పురుషుల కంటే బాగా తక్కువగా ఉండేది. ఆడవాళ్లకు భయం ఎక్కువ అని పలువురు దానికి అర్థం చెప్పారు. భయం ఉన్నమాట నిజమే. నెలసరికి ఐదు రోజుల ముందూ వెనకా టీకా వేయించుకోకూడదన్న అబద్ధపు సందేశం ఆ ఏప్రిల్‌లో ఊరూరా తిరిగింది, కేంద్రం దాన్ని ఖండించవలసి వచ్చింది. పాలిచ్చే తల్లులకు మే నెల మధ్య వరకు, గర్భిణులకు జూలై 2 వరకు అసలు అనుమతే లేదు. మే 1 నుంచి పద్దెనిమిదేళ్లు దాటినవారికి టీకా ప్రకటించినా, 44 ఏళ్ల లోపువారు ముందుగా కోవిన్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో పేరు నమోదు చేసుకుంటేనే వేసేవారు. సొంతంగా వాడుకునే ఫోను ఉన్న స్త్రీలు దేశంలో 54 శాతమేనని, ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడినవారు మూడో వంతేనని పైన చెప్పిన సర్వేయే తేల్చింది. ఇంటర్నెట్ వాడిన పురుషులు 57 శాతం. కోవిన్‌లో పేరు నమోదు చేసుకున్నవారు నగరాల నుంచి కార్లలో పల్లె కేంద్రాలకు వచ్చి టీకాలు వేయించుకుని వెళ్తున్నారని ఆ రోజుల్లో పలు రాష్ట్రాల నుంచి వార్తలు వచ్చాయి. ఈ డిజిటల్ అంతరాన్ని సుప్రీంకోర్టు మే 31 నాటి ఉత్తర్వులో గట్టిగానే ప్రశ్నించింది. ఇన్ని తలుపులు మూసి ఉండగా లోపలికి రాని స్త్రీని ఆమె ఇష్టపడలేదని లెక్కగట్టడం న్యాయం కాదు.

ఇందుకు సాక్ష్యం మన ఇంట్లోనే ఉంది. దేశమంతటా స్త్రీలు వెనకబడి ఉన్న ఆ జూన్‌లోనే కేరళ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాల్లో టీకా తీసుకున్నవారిలో స్త్రీలే ఎక్కువ. ఐదేళ్ల లోపు పిల్లలున్న తల్లులకు ముందుగా టీకా వేయాలని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ నెలలో నిర్ణయించింది. ఊళ్లోనే ఉన్న సచివాలయం, ఇల్లు తెలిసిన వాలంటీరు, పేరు పెట్టి పిలిచే ఆశా కలిసి పనిచేసినందువల్ల జూన్ 20న ఒక్కరోజే 13 లక్షలకు పైగా డోసులు పడ్డాయి. అదే దేశం, అవే వదంతులు, అదే స్త్రీజాతి. టీకా కేంద్రం మాత్రం ఆమె నడిచి వెళ్లగలిగే దూరానికి వచ్చింది.

ఇక అసలు సంగతికి వస్తాను. గిరిజనుల సంకోచం గురించి మాట్లాడేవారిలో ఎక్కువమంది మా జిల్లాలో 2009లో జరిగినదాన్ని మరిచిపోయారు, లేదా వినలేదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకా మీద ఆ ఏడాది జూలైలో అప్పటి ఖమ్మం జిల్లాలో ఒక ప్రాజెక్టు మొదలైంది. అమెరికాకు చెందిన పాథ్ అనే సంస్థ, భారత వైద్య పరిశోధనా మండలి, రాష్ట్ర ప్రభుత్వం అందులో భాగస్వాములు. పట్టణానికి కొత్తగూడెం, పల్లెకు తిరుమలాయపాలెం, గిరిజన ప్రాంతానికి భద్రాచలం అని మూడు మండలాలను ఎంచుకుని, 10 నుంచి 14 ఏళ్ల బాలికలకు సుమారు 14 వేల మందికి గార్డసిల్ టీకా వేశారు. వారిలో చాలామంది హాస్టళ్లలో ఉండి చదువుకునే పిల్లలు. 2010 ఏప్రిల్‌లో కేంద్రం ఆ ప్రాజెక్టును ఆపివేసింది. గుజరాత్‌లోని వడోదరలో ఇదే తరహాలో సాగిన పనితో కలిపి ఏడుగురు బాలికలు మరణించారు, వారిలో ఐదుగురు అప్పటి మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పిల్లలు. విచారణ కమిటీ ఒకరు నీట మునిగి, ఒకరు పాముకాటుకు, ఇద్దరు పురుగుల మందు తాగి, ఒకరు మలేరియా ముదిరి చనిపోయారని, మిగిలిన ఇద్దరి విషయంలో కారణం అంత స్పష్టంగా లేదని, ఆ మరణాలకు టీకాతో సంబంధం ఉండకపోవచ్చని చెప్పింది. ఆ మాటను నేను కాదనను. ఆ టీకా మంచిదని నమ్ముతాను, నా ఇద్దరు మనవరాళ్లకూ వేయించాను.

కానీ అదే విచారణలో బయటపడిన మరో లెక్క ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలు, 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు ఉన్నాయి. అంటే ప్రతి పది మంది బాలికల్లో దాదాపు ముగ్గురి విషయంలో తల్లిదండ్రులకు బదులు వార్డెన్ సమ్మతి తెలిపారు. పార్లమెంటు స్థాయీ సంఘం 2013 ఆగస్టులో సమర్పించిన 72వ నివేదికలో దీన్ని తీవ్రంగా తప్పుబట్టింది. టీకా తర్వాత పిల్లలకు ఏమైనా అయితే కనిపెట్టి చూసే ఏర్పాటు సరిగా లేదని కూడా ఎత్తిచూపింది. నేను ఆ మండలాల్లో పనిచేయలేదు గాని, ఆ తర్వాతి సంవత్సరాల్లో మా గూడేల్లో ఏ సూది పట్టుకెళ్లినా దాని నీడ ఎదురయ్యేది. చంటిబిడ్డకు డీపీటీ టీకా వేయబోతుంటే ఒక ముసలమ్మ బిడ్డను గుండెకు హత్తుకుని ‘ఆనాడు హాస్టల్‌లో మా పిల్లకు ఏసినప్పుడు మమ్మల్ని ఎవరు అడిగిండ్రు?’ అన్నది. నా దగ్గర జవాబు లేదు. ఆమెకు చదువు రాదు. కాని ఒక దేశపు పార్లమెంటు సంఘం తన నివేదికలో రాసిన మాటనే ఆమె మూడేళ్ల ముందు నాతో అన్నది.

‘గిరిజనులు, నిరాకరణ’ అని పట్టికలో ఒక వరుస రాసినప్పుడు ఈ చరిత్ర అంతా ఆ వరుసలో కనిపించకుండా పోతుంది. అప్పుడు పరిష్కారంగా ఒక కళాజాత బృందాన్ని పంపుతారు, గోడల మీద నినాదాలు రాయిస్తారు. అడగకుండా సూది వేశారన్న బాధకు పాట మందు కాదు.

దీన్ని సరిగ్గా అర్థం చేసుకున్న సందర్భం కూడా ఈ దేశంలో ఉంది. 2002లో దేశంలో 1,600 పోలియో కేసులు వచ్చాయి, వాటిలో 1,242 ఒక్క ఉత్తరప్రదేశ్‌లోనివే. ఆ రాష్ట్రపు పశ్చిమ జిల్లాల్లో, ముఖ్యంగా మొరాదాబాద్ పరిసరాల్లో ముస్లిం కుటుంబాలు చుక్కల మందును అనుమానించాయి. పిల్లలు పుట్టకుండా చేసే మందు అన్న వదంతి అక్కడ వేళ్లూనడానికి అత్యవసర పరిస్థితి నాటి బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల జ్ఞాపకం తోడైంది. మరుగు కాల్వ లేని, డాక్టరు రాని బస్తీకి నెలనెలా ఈ చుక్కల మందే ఎందుకు వస్తున్నదన్న ప్రశ్న కూడా తోడైంది. మతాన్ని నిందించడం మాని ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం మొదలుపెట్టినప్పుడు పని కదిలింది. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం, జామియా మిల్లియా ఇస్లామియా వంటి సంస్థలు కలిసివచ్చాయి, మసీదుల నుంచి ప్రకటనలు వినిపించాయి, ఆ బస్తీ స్త్రీలనే ఇంటింటికీ పంపారు. 2009 నుంచి ఉత్తరప్రదేశ్, బీహార్‌లలో అత్యంత ప్రమాదకరమైన 107 బ్లాకుల్లో చుక్కల మందుతో పాటు తాగునీరు, పారిశుద్ధ్యం, అతిసార చికిత్స మీద కూడా శ్రద్ధ పెట్టారు. దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హౌరాలో నమోదైంది. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ మన ప్రాంతాన్ని పోలియో రహితంగా ధ్రువీకరించింది. ఆ పదేళ్లలో ఆ కుటుంబాల మతం మారలేదు, చదువూ ఒక్కసారిగా పెరగలేదు.

మా జిల్లాలో ఈ లెక్కలకు అసలు అందని పిల్లలున్నారు. 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ నుంచి హింసకు భయపడి వచ్చి అడవిలో గుడిసెలు వేసుకున్న గుత్తికోయల పిల్లలు వారు. రేషను కార్డు ఉండదు, మా టీకాల జాబితాలో పేరు ఉండదు, అటవీ సిబ్బంది వస్తున్నారంటే గుడిసె చోటు మారుతుంది. యూనిఫాం వేసుకుని ఎవరు వచ్చినా తల్లులు పిల్లల్ని తీసుకుని చెట్ల వెనక్కి పోవడం నేను కళ్లారా చూశాను. ఆ పరుగును టీకా పట్ల అయిష్టత అని ఎలా రాయగలం?

ఈ సంగతులన్నీ ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, హెచ్‌పీవీ టీకా మళ్లీ మన పిల్లల ముందుకు వస్తున్నది. 9 నుంచి 14 ఏళ్ల బాలికలకు ఈ టీకాను ప్రోత్సహిస్తామని 2024 ఫిబ్రవరి 1న మధ్యంతర బడ్జెట్ ప్రసంగంలో కేంద్ర ఆర్థిక మంత్రి చెప్పారు. సీరమ్ సంస్థ దేశీయంగా తయారుచేసిన సెర్వావాక్‌కు 2022లోనే అనుమతి లభించింది, ఒక్క డోసుతో కూడా మంచి రక్షణ ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అదే ఏడాది చెప్పింది. ఏటా మన దేశంలో లక్షా ఇరవై వేల మందికి పైగా స్త్రీలకు ఈ క్యాన్సర్ వస్తున్నది, డెబ్బై వేల మందికి పైగా చనిపోతున్నారు. ముదిరిన దశలో వచ్చిన అటువంటి తల్లులను నేను అంబులెన్స్ ఎక్కించాను, వారిలో తిరిగి గూడెం చేరినవారు తక్కువ. అందుకే ఈ టీకా ప్రతి కోయ, లంబాడీ, కొండరెడ్డి బాలికకు అందాలని నా కోరిక. అందుకే దాన్ని హడావుడిగా, లక్ష్యాలు నిర్దేశించి, హాస్టళ్లలో వరుస కట్టించి వేయవద్దని వేడుకుంటున్నాను. సిక్కిం రాష్ట్రం 2018లో ముందుగా తల్లిదండ్రులతో, ఉపాధ్యాయులతో విస్తారంగా మాట్లాడి, ఆ తర్వాతే బడుల్లో ఈ టీకా వేసి 95 శాతానికి పైగా బాలికలకు అందించగలిగింది.

మన ఆశ్రమ పాఠశాలల్లో ఇది చేయాలంటే తల్లిదండ్రులను పిలిపించే రోజు సంత రోజై ఉండాలి, వారి దారి ఖర్చు ప్రభుత్వం పెట్టుకోవాలి. సమ్మతి పత్రాన్ని తెలుగులో చేతికిచ్చి ఊరుకోక, కోయ భాషలో, ఆ భాష పుట్టుకతో వచ్చిన మనిషి చేత చదివి వినిపించాలి. వద్దన్నవారి పిల్లకు ఆ రోజు వేయకూడదు, ఆ కారణంగా ఆమె పేరు ఎవరి ముందూ చదవకూడదు. ఎవరినీ బలవంతపెట్టి టీకా వేయరాదని సుప్రీంకోర్టు 2022 మే 2న కోవిడ్ టీకా కేసులో చెప్పిన మాట పిల్లల తల్లిదండ్రుల విషయంలోనూ మనకు దారి చూపాలి. టీకా వేసిన ఏఎన్‌ఎం ఆ రాత్రి హాస్టల్‌లోనే ఉండి, మర్నాడు ప్రతి పిల్లనూ చూసిన తర్వాతే వెళ్లాలి. ఇది ఖర్చుతో కూడిన పని, సిబ్బంది కొరత ఉన్న మాట నాకంటే ఎక్కువ ఎవరికీ తెలియదు. అయినా ఒకసారి పోయిన నమ్మకాన్ని తిరిగి తెచ్చుకోవడానికి మాకు పట్టిన ఏళ్లతో పోలిస్తే అది పెద్ద ఖర్చు కాదు.

చివరగా వైద్య ఆరోగ్య శాఖకు ఒక చిన్న విన్నపం. సర్వే పత్రాల్లో, టీకాల జాబితాల్లో వయసు, కులం, చదువు గడులను తీసేయమని నేను అనడం లేదు, ఎవరు మిగిలిపోతున్నారో తెలియాలంటే అవి ఉండాలి. ‘నిరాకరణ’ అన్న గడి పక్కన మరో మూడు గడులు చేర్చండి: ఆ జవాబు చెప్పింది ఎవరు, మేము వెళ్లింది ఏ వేళకు, వారు మమ్మల్ని తిరిగి ఏమి అడిగారు.

ఇట్లు,
విశ్రాంత ఆరోగ్య పర్యవేక్షకురాలు,
భద్రాద్రి కొత్తగూడెం జిల్లా.